నాయనను చీకట్లో దాచిన ఎండాకాలం

మొన్న ఆదివారం నాగర్‌కర్నూల్ నుంచి మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. వాళ్ల నాయనకు నోట్లో పుండు మళ్లీ తిరగబెట్టిందట. హైదరాబాద్ దవాఖానలో వెలుతురుతో పనిచేసే మందును రోగుల మీద పరీక్షిస్తున్నారనీ, అందులో చేరమని అడుగుతున్నారనీ చెప్పి, "అక్కా, మీ ఇంట్ల జూసినవ్ గద, చేరమంటవా వద్దంటవా, ఒక్క మాట చెప్పు" అన్నాడు. చేరమనే చెప్పాను. చీకటి గదిలో మాత్రం పెట్టకండి అని కూడా చెప్పాను. ఆ రెండో మాట వాడికి వింతగా తోచినట్టుంది, చీకటి గది ఎందుకని అడిగాడు. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు ఏ పనీ చేతికి రాలేదు.

నా ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు, మన ఇళ్లల్లో మొదట చదువుకున్నది మనమే కాబట్టి బస్సు బోర్డు చదవడం దగ్గర్నుంచి డాక్టరు మాటను అమ్మకు విడమరిచి చెప్పడం దాకా అన్నీ మన మీదే పడ్డాయి. పుస్తకాల్లో తలదాచుకునే పిల్లను నేను, మనసులో మాట డైరీకి తప్ప ఎవరికీ చెప్పి ఎరగను, నలుగురు కూర్చున్న చోట నోరు పెగలదు. అలాంటిదాన్ని పట్టుకుని మా ఇంటివాళ్లు దవాఖానలో ఇంటి తరఫున మాట్లాడే పెద్దను చేశారు.

నాయన గద్వాలలో చీరలు నేసేవాడు. గుంత మగ్గంలో కూర్చున్నవాడికి కాళ్లూ చేతులూ రెండూ పనిలోనే ఉంటాయి, బీడీ కాలుద్దామంటే రవ్వ ఎగిరి పట్టు అంచు మీద పడుతుందని భయం, అందుకని తంబాకు దవడన పెట్టుకుని పొద్దంతా నేసేవాడు. ఆ దవడ లోపలే పుండు లేచింది. కోశారు, కరెంటు అని మేము పిలిచే రేడియేషన్ పెట్టారు, తగ్గింది, మళ్లీ లేచింది. నేను వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో కొత్తగా టీచరుగా చేరిన రోజులవి. ఇక కోయడానికి లేదు, కరెంటు పెట్టడానికీ లేదు అని డాక్టరు చెప్పినప్పుడు ఆ మాటను అమ్మకు ఎలా చెప్పాలో తెలియక, ఆకలిగా ఉంది ముందు ఏమైనా తిందామని అన్నాను. అమ్మకు అర్థమైపోయింది. ఇద్దరం ఏమీ తినలేదు.

అప్పుడు హైదరాబాద్ దవాఖానలో వచ్చింది ఈ వెలుతురు మందు పరీక్ష సంగతి. మందును రక్తంలోకి ఎక్కిస్తారు, అది ఒళ్లంతా పాకి పుండులో ఎక్కువగా నిలుస్తుంది, కొన్ని రోజులు ఆగి సన్నని తీగ కొసనుంచి ఎర్రని వెలుతురును పుండు మీదికి పంపితే, నిద్రపోతున్న మందు లేచి పుండును చంపుతుంది. తప్పక నయమవుతుందని చెప్పలేమనీ, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చనీ వాళ్లు దాచకుండానే చెప్పారు. అమ్మ మాత్రం అదేమీ వినలేదు, నర్సు చెయ్యి పట్టుకుని వదలలేదు. నాయన రక్తం, గుండె, ఊపిరితిత్తులు అన్నీ చూసి చేర్చుకుంటామో లేదో చెబుతామన్నప్పుడు, ఆ వరండాలో బల్ల మీద కూర్చుని నేను మొక్కని దేవుడు లేడు. నాయన మాత్రం, "ఇన్ని దినాలు కుందేళ్లకు పెట్టిండ్రంట, కుందేళ్లు అయిపోయినట్టున్నయ్, గద్వాలోళ్ల మీద పడ్డరు" అన్నాడు.

చేర్చుకున్నారు. వెలుతురు పెట్టారు. పంపించేటప్పుడు నర్సు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చెప్పింది. మందు చర్మంలో కూడా ఉంటుంది, నెల రోజుల పైన ఎండ సోకకూడదు, సోకితే కాలుతుంది. అలాగని చిమ్మచీకట్లో ఉంచొద్దు, ఇంట్లో మామూలు వెలుతురులో తిరగనివ్వండి, ఆ కొద్దిపాటి వెలుతురుకే చర్మంలోని మందు రోజురోజుకూ విరిగిపోతుంది.

బస్సులో నాయనకు తలనుంచి కాళ్ల దాకా గొంగడి కప్పి తెచ్చాము. కొత్తకోటలో ఎక్కిన ఒక ముసలమ్మ ఎగాదిగా చూసి, "గింత ఎండల గొంగడేందే అవ్వా, గొర్ల కాడికి పోతుండా?" అని అమ్మను అడిగింది. లోపలి నుంచి నాయన ఆ వాచిన నోటితోనే, "గొర్లు ముందటి బస్సుల పోయినయవ్వా" అన్నాడు. బస్సంతా నవ్వింది. అమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

మేము ఇల్లు చేరేసరికి గోపాల్‌పేట నుంచి మేనత్త వచ్చి కూర్చుని ఉంది. నాయనకు అక్క. పిల్లలకు ఆటలమ్మ తల్లి పోసినప్పుడు ఏం చేయాలో మా చుట్టాలందరికీ ఆమే చెప్పేది, అంటే రోగిని చీకటి గదిలో పడుకోబెట్టడం, గడపకు వేపకొమ్మలు కట్టడం, బయటివాళ్లను రానివ్వకపోవడం, ఇంట్లో తాలింపు వాసన రానివ్వకపోవడం. నాయన పడుకునే లోపలి గదికి అవన్నీ చేసింది. కిటికీకి గోనెసంచులు కొట్టింది, తలుపు సందుల్లో గుడ్డపేలికలు కుక్కింది, బల్బు కూడా తీయించింది. నర్సు అలా చెప్పలేదని నేనన్నాను.

"ఎలుగు తాకితే కాల్తదన్నది ఆ నర్సమ్మనే గద? మల్ల జర్రంత ఎలుగు పెట్టుమంటదా? నిప్పు జర్రంతైతే కాలదా బిడ్డా?" అంది అత్త.

దానికి నా దగ్గర జవాబు ఉంది, కానీ అమ్మ మధ్యలోకి వచ్చింది. "సదువుకున్నోళ్లకు ధైర్నం ఎక్కువ. ఏమన్నైతే నీకు నాయన పోతడు, నాకు ఇల్లే పోతది." ఆ గోనెసంచులను ఇక నేను ముట్టలేదు. దవాఖాన నుంచి నర్సు ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ, "ఎండ పొడ సోకనిస్తలేమమ్మా" అని చెప్పేది, నర్సు మెచ్చుకునేది.

నేను శనివారం సాయంత్రం వనపర్తి నుంచి వచ్చి ఆ చీకట్లో నాయన పక్కన కూర్చునేదాన్ని. మొహం కనిపించేది కాదు, మాట వినిపించేది. పాలలో నానబెట్టిన రొట్టె మింగడానికే కష్టపడినవాడు ఒక వారం నేను వచ్చేసరికి వట్టి జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం అడిగి తింటున్నాడు. ఆ నమిలే చప్పుడు వింటూ కూర్చున్నాను. నా జీవితంలో అంతకంటే ఇంపైన చప్పుడు వినలేదు.

నెల దాటింది. మా వీధిలో ఆ ఆదివారం పొద్దున ఎవరో పడుగు, అంటే చీర నిలువు పోగులు, ఎండలో సాచి గంజి పెడుతున్నారు. గంజి ఆరేలోగా పోగులు విడదీయాలి కాబట్టి వీధిలో చేతనైనవాళ్లందరూ చెయ్యి వేయడం మా దగ్గర ఆనవాయితీ. నాయన తనంతట తానే తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. గడువు తీరిందని నేనూ అనుకున్నాను, అత్త కూడా మురిసిపోయి వేపకొమ్మలు విప్పింది. మగ్గాలవాళ్లు, "కొత్త పెండ్లికొడుకొచ్చిండు, జరుగుండ్రి జరుగుండ్రి" అని నవ్వులాడారు. నాయన తెగిన పోగులు అతుకుతూ పడుగు వెంట ఆ కొస దాకా నడిచాడు.

మధ్యాహ్నానికి మొహం, మెడ, చేతులు మరిగే నీళ్లు పోసినట్టు పొంగి బొబ్బలెక్కాయి. నెలంతా వెలుతురు ఎరగని ఒంట్లో మందు చాలావరకు అలాగే ఉండిపోయింది. వెంటనే తీసుకురమ్మని దవాఖానవాళ్లు ఫోన్‌లో చెప్పారు. పుండు అంచున కాస్త మిగిలి ఉండవచ్చనీ, చూసి బొబ్బలు మానాక ఇంకోసారి వెలుతురు పెడదామనీ కూడా చెప్పారు. నాయన కదలలేదు.

"పుండుతోనైతే ఇన్ని దినాలు ఉన్న. గీ మంటతోని ఒక్క పూట ఉండలేను. నాకొద్దు బిడ్డా గా ఎలుగు."

నలుగురిలో నోరు విప్పని నేను ఆ రోజు వీధంతా వినేలా అరిచాను, ఏడ్చాను, కాళ్లు పట్టుకున్నాను. డాక్టరు ఫోన్‌లో ఎంతో నెమ్మదిగా నచ్చజెప్పాడు. దవాఖానవాళ్లు చెప్పిన మాటల్లో నాయన గుర్తుపెట్టుకున్నది ఎప్పుడైనా మానుకోవచ్చన్న మాట ఒక్కటే. అత్త తలుపు వెనక కూర్చుని తమ్ముడి చేతులకు కొబ్బరినూనె రాయడానికి కూడా భయపడింది. చీకటి సంగతి నేను ఆమెతో మళ్లీ ఎత్తలేదు. ఆమె అంత ప్రేమగా మూసిన తలుపు అది.

బొబ్బలు మానాయి. వానలు పడేనాటికి పుండు మళ్లీ లేచింది. ఈసారి వెలుతురు కూడా అందనంత లోతుకు పాకింది, దానికి ఎవరి దగ్గరా మందు లేదు.

చలికాలం ఒక పొద్దున నాయన బయట కూర్చోబెట్టమని సైగ చేశాడు. అప్పటికి మాట పోయింది. అమ్మ వద్దని ఏడ్చింది, చివరికి తీసుకొచ్చి వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి, తాను ఎదురుగా నిలబడి కొంగు పట్టి నీడ చేసింది. నాయన ఆ కొంగును పక్కకు తోశాడు. ఎండ మొహం నిండా పడింది. అమ్మ మాటిమాటికీ వంగి చెంప తాకి చూసేది, వేడెక్కుతుందేమోనని. ఏమీ కాలేదు. మందు ఎప్పుడో ఒంట్లోంచి పోయింది. అందరి ఒంటి మీద పడే ఎండే ఆయన మీదా పడింది.

ఇప్పుడు మా వీధిలో పడుగు సాచేవాళ్లు తగ్గిపోయారు, గంజి పెట్టిన నూలు కొనుక్కొచ్చుకుంటున్నారు. అత్త గోపాల్‌పేట నుంచి రావడం మానేసింది. వేసవిలో ఊరంతా తలుపులు బిగించుకునే వేళకు కూడా అమ్మ మా ఇంటి తలుపులు, కిటికీలు తెరిచే ఉంచుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ లోపలికి వచ్చి మగ్గం గుంతలోకి దిగుతుంది. దానికి కాలే మనిషి మా ఇంట్లో లేడు.