గెడ్డ అంటే గడ్డ కాదు

2018 జూన్. నీటిపారుదల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా నాకు మొదటి పోస్టింగు సాలూరు దగ్గర ఒక సెక్షన్ ఆఫీసులో వచ్చింది. పుట్టిందీ పెరిగిందీ గుంటూరు వైపు. పెద్ద కాలువలు, లాకులు, షట్టర్లు చూస్తూ పెరిగిన నాకు నీటి పని కొత్త కాదనే ధీమా ఉండేది. ఇక్కడ మాత్రం ఎక్కువగా ఓపెన్ హెడ్ చానళ్లు. అంటే ఏటి నుంచి తలుపులూ లాకులూ లేకుండా నేరుగా నీటిని మళ్లించుకునే కాలువలు. వాటి గురించి పుస్తకంలో రెండు పేజీలు చదివాను, అంతే.

చేరిన రెండో వారంలో కొండ కింద ఊరి రైతులు ఒక అర్జీ తెచ్చి ఇచ్చారు. నోటుపుస్తకం కాగితం మీద నాలుగు లైన్లు, కింద పదిహేను సంతకాలు, కొన్ని వేలిముద్రలు. "గెడ్డ తీయక మూడేళ్లయింది. నీరు కాలవకి ఎక్కడం లేదు. ఎంటనే గెడ్డ తీయించగలరు" అని రాసి ఉంది.

మా వైపు గడ్డ అంటే మట్టిపెళ్ల, మట్టిదిబ్బ. పాపం, రాసినవాళ్లకి అక్షరాలు సరిగా రావనుకున్నాను. ఫైల్లోకి ఎక్కించేటప్పుడు 'గెడ్డ'ని 'గడ్డ' అని దిద్దాను కూడా. కాలువకి అడ్డంగా మట్టిదిబ్బ ఉంది, దాన్ని తొలగించాలి. ఇంతే కదా పని!

మా వర్క్ ఇన్‌స్పెక్టరు సింహాచలం గారు ఆ ప్రాంతంవారే. పనులు దగ్గరుండి చూసుకునేది ఆయనే. ఆ వారం జ్వరంతో సెలవులో ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఆగకుండా నేనే ఒక మధ్యాహ్నం వెళ్లి చూశాను. పొలాల్లో మనిషి లేడు. కాలువ మొదట్లో, ఇసుకలో, నడుమెత్తు మట్టిగట్టు ఒకటి అడ్డంగా కనిపించింది. అర్జీలో చెప్పింది ఇదేనని నిర్ధారించుకుని, కొలతలు తీసుకుని ఎస్టిమేట్ వేశాను. ఎస్టిమేట్ అంటే ఎంత మట్టి తియ్యాలి, ఎంత పని పడుతుంది అన్న లెక్క. పై అధికారి డీఈ గారు సంతకం పెట్టారు. వానలు దగ్గర పడుతున్నాయి కనుక నాలుగు రోజుల్లోనే జేసీబీ దించాను.

డ్రైవరు గట్టు చూసి తల గోక్కున్నాడు. "మేడం, ఇదేనా తియ్యాల?" అన్నాడు.

"ఇదే. మొత్తం తీసెయ్" అన్నాను.

సగం గట్టు లేచిపోయింది. అప్పుడు వినిపించింది కేక.

"ఒలమ్మో! ఒలమ్మో! ఆపండి! గట్టు తవ్వీస్తన్నారేటి!"

వరినారు పోసిన ఆకుమళ్ల వైపు నుంచి అరవయ్యేళ్ల ఆవిడ చేతిలో కొడవలితో పరుగెత్తుకొస్తోంది. పేరు పైడమ్మ అని తర్వాత తెలిసింది. వచ్చి నేరుగా జేసీబీ ముందు నిలబడింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"మీరే కదమ్మా గడ్డ తీయమని అర్జీ పెట్టారు?" అన్నాను. నాకూ కోపం వచ్చింది.

"గెడ్డ తియ్యమన్నాం. గట్టు తియ్యమన్నామేటి?"

"ఇది గడ్డ కాదా?"

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఏ ఊరమ్మా నీది?"

చెప్పాను. ఆవిడ ముఖంలో కోపం కొంచెం తగ్గింది. కొడవలి నడుముకి దోపుకుని నా చెయ్యి పట్టుకుంది. "రా, సూపిస్తాను."

గట్టుకి ఎగువన వంద అడుగులు నడిపించింది. తుప్పలు, ఇసుక మేటలు, కొట్టుకొచ్చిన చెట్ల కొమ్మలు. మొదటిసారి వచ్చినప్పుడు అదంతా బీడు అనుకుని దాటిపోయాను.

"ఇదీ గెడ్డ. కొండ మీద పడ్డ వాన తనకి తానే దిగి ఎల్లే దారి. మనం తవ్వుకుంటే కాలవ. కాలవలోంచి మడికి తెచ్చుకుంటే బోది. గెడ్డలో నీటిని కాలవలోకి తిప్పడానికి మా మావలు, తాతలు ఆ గట్టు ఏసినారు. గెడ్డ పూడిపోనాది, అందుకే నీరు అవతల ఒడ్డెక్కి పోతన్నాది. గెడ్డ తీసి గట్టు ఉంచాల. నువ్వేటి సేసినావు? గట్టు తీసి గెడ్డ ఉంచినావు!"

మా వైపు వాగు అంటాం. వాగు అని రాసి ఉంటే చిన్నపిల్లయినా అర్థం చేసుకునేది. కొండ మీద అప్పటికే మబ్బు కమ్మింది. ఆ గట్టు లేకుండా వాన పడితే వచ్చిన నీరంతా గెడ్డ వెంటే దిగువకి పోతుంది, కాలువలోకి చుక్క ఎక్కదు. ఎనభై ఎకరాలకి ఆకుమళ్లు పోసి ఉన్నాయి.

డ్రైవరు మెల్లగా అన్నాడు. "మేడం, గట్టు పాతదై పడిపోయిందని రాసీండి. ఎవులికి తెలుస్తాది?"

ఆ మాట నాకు ఆశ పెట్టలేదని చెబితే అబద్ధం. కానీ పైడమ్మ పక్కనే ఉంది, నన్నే చూస్తోంది. డీఈ గారికి అక్కడినుంచే ఫోన్ చేశాను. తప్పు నాదేనని, మాట అర్థం కాక నీటిని మళ్లించే గట్టుని సగం తవ్వించానని చెప్పాను. డీఈ గారు అన్నారు: "మిషను అక్కడే ఉంది కదా? ముందు గట్టు కట్టు. కాగితం తర్వాత చూద్దాం."

పైడమ్మ ఊళ్లోకి కబురు పెట్టింది. గంటలో ఇరవై మంది పారలు, తట్టలతో దిగారు. తిడతారనుకున్నాను. ఒకాయన మాత్రం "మేడంగోరికి మన బాస రాదంట, నేర్పించండ్రా" అన్నాడు. అందరూ నవ్వారు. జేసీబీ గెడ్డలో మట్టి ఎత్తి తెచ్చి పోస్తుంటే వాళ్లు తొక్కి, పచ్చిక పెళ్లలు పరిచి, రెల్లు పాతారు. నేనూ చెప్పులు విడిచి మట్టి తొక్కాను. పొద్దుగూకేలోపు గట్టు లేచింది. తర్వాతి రెండు రోజులూ గెడ్డ పూడిక తీశాం.

వాన నాలుగో రోజు తెల్లవారుజామున పడింది. పొద్దున్నే వెళ్లేసరికి ఎర్రనీరు గెడ్డలోంచి వచ్చి గట్టుకి తగిలి, ఒక్క క్షణం తిరిగి, కాలువలోకి మళ్లుతోంది. పైడమ్మ తన మడి దగ్గర బోది నోరు పారతో తెరుస్తోంది.

"ఎక్కినాదమ్మా!" అని అరిచింది నన్ను చూసి. "ఆకలేసి ఉంటాది, రా, సోడంబలి తాగుదువు!" గట్టు మీద కూర్చుని, ఆవిడ ఇచ్చిన ఆ రాగి అంబలి ఉల్లిపాయతో తాగాను. అంత రుచైన అంబలి మళ్లీ తాగలేదు.

డీఈ గారు నాకు మెమో ఇచ్చారు. ఇవ్వాల్సిందే. దాంతోపాటు, ఈ ప్రాంతంలో నీటికి వాడే మాటలన్నీ రాసి తెమ్మన్నారు. రైతుల దగ్గరికి తిరిగి తిరిగి మూడు పేజీలు నింపాను. కొత్తగా చేరినవాళ్లకి ఆఫీసులో ఇప్పటికీ అవే ఇస్తున్నాం.

ఈ ఉద్యోగంలో నాకు తెలియని మాటలు ఎన్నో ఎదురయ్యాయి. తెలియదు కనుక అడిగాను, ఏ ఇబ్బందీ రాలేదు. నాకు తెలుసనుకున్న మాట దగ్గరే అడగలేదు. అందుకే ఇప్పుడు ఏ అర్జీ వచ్చినా కొలతల టేపు కంటే ముందు, రాసిన మనిషిని తీసుకెళ్తాను. "నీరు ఎక్కణ్ణుంచి వస్తాది, ఎక్కడికి ఎల్తాది, నడిచి చూపించండి" అంటాను. ఆ నడక పూర్తయ్యాకే పెన్ను తీస్తాను.