పేరు పెట్టి చేసే ప్రార్థన

దివిసీమలో మా సంఘ పెద్ద ఒకాయన ఉండేవారు. ఆదివారం ఆరాధనలో పాలకుల కోసం ప్రార్థించేది ఆయనే. పదకొండేళ్లు విన్నాను, నేను చర్చికి వెళ్లని ఆదివారాలు నాలుగే. ఆ కాలంలో మా ఎమ్మెల్యే మూడుసార్లు మారారు. ఎవరు గెలిచినా పెద్దాయన పేరు పెట్టి, చివర "గారు" చేర్చి ప్రార్థించేవారు.

"దేవుడి దగ్గర కూడా గారేంటి బాబాయ్?" అని ఒకసారి నవ్వాను.

"దేవుడి ముందే మర్యాద తప్పమంటావా అమ్మాయ్?" అన్నారు.

ఎమ్మెల్యే మూడోసారి మారిన నెలలోనే, పెద్దాయన కోడల్ని బడిలో మధ్యాహ్న భోజనం వండే పనిలోంచి తీసేశారు. గెలిచినవాళ్లకు ఓటెయ్యలేదట. ఆ ఆదివారం అందరం ఆయన నోటివంకే చూశాం. కొత్త ఎమ్మెల్యే పేరు పలికారు, గారుతో సహా. నా పక్కన కూర్చున్న కోడలు ఆమెన్ అనలేదు. నేనూ అనలేదు.

మర్నాడు మామా కోడళ్లు అర్జీ పట్టుకుని ఎమ్మెల్యే ఇంటికి వెళ్తుంటే తోడు వెళ్లాను. రెండు గంటల పది నిమిషాలు నిలబడ్డాం.

"నిన్న మీ కోసం దేవుణ్ణి అడిగానండీ. ఇవాళ మా కోడలి కోసం మిమ్మల్ని అడుగుతున్నాను. తన తప్పేంటో చెప్పండి," అన్నారు పెద్దాయన.

"చూద్దాంలెండి," అన్నారు ఎమ్మెల్యే.

పని తిరిగి రాలేదు. తర్వాతి ఆదివారం కూడా పెద్దాయన ఆ పేరే పలికారు, అంతే మర్యాదగా. ఒక్క మాట మాత్రం కొత్తగా చేర్చారు: "చేసిన అన్యాయం ఆయన కళ్లకు కనబడనియ్యి తండ్రీ."

అందరికంటే ముందు కోడలు ఆమెన్ అంది.