మా మేనత్త కాపలా కాసిన గడ్డిదుబ్బు

మా మేనత్త పోయిందన్న కబురు నేను ఎర్రగుంట్ల స్టేషన్లో పనిలో ఉండగా అందింది. మా రాయచోటి నుంచి మనిషి వచ్చాడు. "మీ అత్త నిద్దర్లోనే పోయినాదప్పా" అన్నాడు. వెంటనే ఆమె ఇంటి వెనక గుట్ట, దాని మీది ఒంటరి పైన్ చెట్టు కళ్ళ ముందుకొచ్చాయి.

మామ బర్మాలో కలప పని చేసేవాడు. ఆయన అక్కడే చనిపోతే, యుద్ధానికి చాలా ముందే అత్త ఓడెక్కి తిరిగొచ్చింది. బర్మా నుంచి వచ్చేవాళ్ళు పట్టుబట్టలు తెచ్చుకుంటారు. మా అత్త పైన్ గింజలు, ఆ చెట్ల కింది మట్టి ఒక డబ్బాడు తెచ్చుకుంది. ఆ మట్టి తోడు లేకపోతే మొలక నిలబడదని అక్కడివాళ్ళు చెప్పారట. మావాళ్ళు నవ్వుకున్నారు. అత్త లెక్కచేసే మనిషి కాదు. ఆ మొండితనమే నాకు ఆమెలో ఎంతో ఇష్టం.

మొదట పెరట్లో మొలిచిన మొక్కల్ని మేమే ముద్దు చేసి చంపేశాం. మంచినీళ్ళు దూరం నుంచి మోసుకొచ్చుకునే ఊరు మాది. ఇంటికొచ్చినవాళ్ళకు ముందు చెంబుతో నీళ్ళివ్వడం మా మర్యాద. దూరదేశం మొక్కలు కదా అని పక్కింటి బూబమ్మ తన కడవలోంచి రోజూ వాటికి నీళ్ళు పోసేది. వేళ్ళు కుళ్ళిపోయాయి. బూబమ్మ ఏడ్చింది.

అత్త ఆమెను పల్లెత్తు మాట అనలేదు. "నీళ్ళు నిలవని ఎత్తులో, రాళ్ళలో పెరిగే చెట్టమ్మా ఇది. నేను చెప్పకపోతిని, నీకెట్ల తెలుస్తాది" అంది. మిగిలిన గింజల్ని, డబ్బాలో మిగిలిన మట్టితో సహా, గుట్ట మీద నాటింది. ఒక్కటే మొలిచింది.

మీరు నమ్మరు గానీ, అది ఏళ్ళ తరబడి గడ్డిదుబ్బులాగే నేలకు అంటుకుని ఉండిపోయింది. అత్త చుట్టూ ముళ్ళకంప వేసి, మేకల్ని అదిలిస్తూ కాపలా కాసేది. ఊరికి మంచి కాలక్షేపం దొరికింది.

"ఏమక్కా, గడ్డికి కావలి కాస్తాండావా?" అనేవాళ్ళు మేకలు తోలుకొచ్చేవాళ్ళు.

"కాస్తాండా. నీ మేకల్ని ఇంక యాడికన్నా తోలుకోపో."

ఇది నిజంగా చెట్టేనా అని నేనూ ఒకసారి అడిగాను. "దానికి తొందర లేదురా" అంది అత్త. "ఆ బర్మా కొండల్లో ఏటా గడ్డి తగలబడతాది. వేరు లోతుకు దిగేదాకా ఇది తల పైకెత్తదు. శానా తెలివి ఉండాది దీనికి."

ఒక ఎండాకాలం మా గుట్టకూ నిప్పంటుకుంది. మేం చేరేసరికి ముళ్ళకంప బూడిదైంది, దుబ్బు నల్లగా మాడిపోయింది. బూబమ్మ కడవెత్తుకుని పరుగున వచ్చింది. అత్త చెయ్యి అడ్డం పెట్టింది. ఇక గింజలు లేవు, ఆ మట్టీ లేదు. మామతో బతికిన చోటు నుంచి ఆమెకు మిగిలింది అదొక్కటే.

"వద్దమ్మా, చూద్దాం" అంది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే వెళ్ళి దాని పక్కన కూర్చునేది. వానలింకా పడకముందే, మాడిన ఆకుల నడుమ నుంచి సూదుల్లాంటి పచ్చటి ఆకులు పొడుచుకొచ్చాయి. అత్త ఆ రోజు వీధి వీధీ తిరిగి అందరికీ చెప్పింది. ఆమె అంత సంతోషంగా ఉండడం నేను మళ్ళీ చూడలేదు. ఆ మరుసటేడు చెట్టు నిలువునా లేచింది. ఇంటికెవరొచ్చినా రాలిన ఆకును నలిపి వాసన చూపించడం అత్తకు అలవాటైంది. ఇప్పుడది నాకంటే చాలా ఎత్తు.

ఆమెను సమాధి చేసి వచ్చాక, వీధిలోని ఆడవాళ్ళు కడవలతో గుట్టెక్కారు. అత్త పేరు చెప్పి చెట్టుకు నీళ్ళు పోయాలని వాళ్ళ ఆశ. కర్ర పట్టుకుని నడుస్తున్న బూబమ్మ వాళ్ళకంటే ముందే చేరి, చెట్టుకు అడ్డంగా నిలబడింది.

"చుక్క కూడా పోయొద్దండమ్మా. మా అక్క ఒప్పుకోదు" అంది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

కాసేపు అందరూ ఆ చెట్టు కింద కూర్చున్నారు. తర్వాత నిండు కడవలు నెత్తినెత్తుకుని, తొణకకుండా, ఒకరి వెనక ఒకరు గుట్ట దిగారు.