దారి రాసిపెట్టిన మా వేణు

నిన్న పొద్దున పూజలో ఉండగా ఫోన్ మోగింది. పూజ మధ్యలో నేను ఫోన్ ఎత్తను. అది ఆగి మళ్ళీ మోగింది.

మదురై నుంచి మరదలు సుధ.

"మీ తమ్ముడు పోయినారు వదినా."

చేతిలో తులసి అలాగే ఉండిపోయింది.

గుండెపోటు. నిద్రలోనే. మా వేణుగోపాల్‌కు యాభై ఏళ్ళు కూడా నిండలేదు.

సాయంత్రానికి అన్నీ అయిపోయాయి. ఇవాళ మదురైలో వాడి ఇంట్లోనే కూర్చుని ఇది రాస్తున్నాను. తమిళం చదువుకుని పెరిగిన మన వాళ్ళలో తెలుగు చదవడం రానివాళ్ళకు ఇంట్లో ఎవరైనా చదివి చెప్పండి.

నాన్న తర్వాత మా ఊరు తుడియలూరులో పంపుల వర్క్‌షాప్ నేను చూసుకుంటున్నాను. వేణు చదివింది కంప్యూటర్. తయారైన ప్రతి పంపునూ టెస్ట్ చేసి రిపోర్ట్ ఇచ్చే ప్రోగ్రామ్ వాడే రాశాడు. దానికోసం ఒక సర్వర్ పెట్టాడు.

ఒకరోజు ఏదో కోపంలో, పనివాళ్ళందరి ముందూ అన్నాను. నీకు ఒక పంపు విప్పి బిగించడం కూడా రాదు, ఈ డబ్బా ముందు కూర్చోవడం ఒక పనా, అని.



ఆ నెలలోనే వాడు మదురైలో ఒక కాలేజీలో ల్యాబ్ సర్వర్లు చూసుకునే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పండగకో పెళ్ళికో కలిస్తే మాట. అంతే.

వాడు వెళ్ళిన రెండేళ్ళకు ఆయుధ పూజ వచ్చింది. మన ఇళ్ళలో సంగతి మీకు తెలిసిందే. లేత్ నుంచి స్పానర్ దాకా అన్నీ తుడిచి, చందనం కుంకుమ పెట్టి, మర్నాటి దాకా ముట్టుకోము. వేణు ఉన్నప్పుడు సర్వర్‌ను మాత్రం ఆపనిచ్చేవాడు కాదు. నడుస్తున్నదానికే బొట్టు పెట్టించేవాడు.

అదీ పనిముట్టే కదా, దానికీ ఒక రోజు విశ్రాంతి ఉండాలని ఆ ఏడు మొదటిసారి నేను ఆపేశాను.

విజయదశమి పొద్దున ఆన్ చేస్తే మెషిన్ వచ్చింది. టెస్ట్ ప్రోగ్రామ్ రాలేదు. అది నడవడానికి కావలసిన జావా లేదంటోంది. కంప్యూటర్ చూసే అమ్మాయి, కొత్తగా అన్నీ ఇన్‌స్టాల్ చేయాలి, రెండు రోజులు పడుతుంది అంది. బయట పంపులు ఎక్కించడానికి లారీ నిలబడి ఉంది. రిపోర్ట్ లేకుండా ఒక్కటి కూడా కదలదు.

వేణుకు ఫోన్ చేశాను.

కొత్తది ఏదీ వేయవద్దన్నాడు. వాడి పాత ప్రోగ్రామ్ కొత్త జావాతో నడవదట. అమ్మాయికి ఫోన్ ఇస్తానంటే వద్దు, నువ్వే కూర్చో అన్నాడు. నాతో మాట్లాడాలనే అలా అన్నాడని ఇప్పుడు అనుకుంటున్నాను.

జావా ఎక్కడుందో మెషిన్‌ను అడగడానికి విచ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, జావా అని కొట్టమన్నాడు. ఏమీ రాలేదు. తర్వాత మెషిన్ అంతా వెతకడానికి ఫైండ్ అని ఒక పొడుగు లైన్ చెప్పాడు. ఒక్కొక్క అక్షరం అడిగి అడిగి కొట్టాను.

"ఏమొస్తుండాది అక్కా?"

"పర్మిషన్ డినైడ్, పర్మిషన్ డినైడ్ అని పోతానే ఉండాది రా. ఈ వర్క్‌షాప్‌లో నాకే పర్మిషన్ లేదంటే ఎట్లా?"

వాడు నవ్వాడు. ఎన్నాళ్ళకో విన్నాను ఆ నవ్వు.

"నువ్వు పెద్దక్కవని దానికెవరు చెప్పినారు? ఆ లైన్లు వదిలెయ్. కడైసిలో ఏముండాదో చదువు."

అన్నిటికీ చివర ఓ, పీ, టీ అని మొదలయ్యే ఒక లైన్ ఉంది. ఆ లైన్ కొసన జావా అని ఉంది.

"అదే. చూస్తివా? ఎక్కడికీ పోలా. ఉన్న చోటు తెలీక లేదంటుండాది, అంతే."

ఆ చోటును పాత్‌లో, అంటే మెషిన్ వెతుక్కునే దారిలో, చేర్చే లైన్ చెప్పాడు. కొట్టాను. ప్రోగ్రామ్ తెరుచుకుంది.

నేను ఆపేయడం వల్లే ఇలా అయిందా అని అడిగాను.

"తప్పు నాది అక్కా. ఆ దారి అప్పుడు ఊరికే కొట్టి వదిలేసినా, ఫైల్లో రాయలా. మెషిన్ ఆగితే మరిచిపోతుంది. దా, ఇప్పుడు రాసిపెట్టేద్దాం."

మెషిన్ లేచినప్పుడల్లా చదువుకునే ప్రొఫైల్ ఫైల్ తెరిపించి, అదే లైన్ అందులో రాయించాడు. మళ్ళీ ఆపి, ఆన్ చేసి చూడమన్నాడు.

అది లేచేదాకా ఇద్దరం ఫోన్ పట్టుకుని ఉన్నాము. తిన్నావా అన్నాను. తిన్నాను అన్నాడు. ఇంటికి వచ్చెయ్ రా అనే మాట నోటి దాకా వచ్చింది.

ఈలోగా ప్రోగ్రామ్ వచ్చేసింది. లారీవాడు హారన్ కొడుతున్నాడు.

సరి రా, పెట్టేస్తాను అన్నాను.

ఆ తర్వాత ఒక్కసారి కూడా అది చెడిపోలేదు. ఏటా ఆయుధ పూజకు ఆపేదాన్ని. విజయదశమి పొద్దున అది చక్కగా లేచేది. చెడిపోయి ఉంటే బాగుండునని ఒక ఏడాది దేవుడి ముందు నిలబడి అనుకున్నాను కూడా. వచ్చేసింది రా అని చెప్పడానికి మాత్రం ఫోన్ చేసేదాన్ని. సంతోషం అక్కా అనేవాడు. ఒక నిమిషం మాట. దానికోసం ఏడాదంతా చూసేదాన్ని.

నిన్న రాత్రి సుధ చెప్పింది. విజయదశమి పొద్దున వాడు ఎక్కడికీ కదిలేవాడు కాదట. స్నానం చేసి, ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునేవాడట. ఎవరైనా పిలిస్తే, అక్క ఫోన్ వస్తుంది, తర్వాత వస్తాను అనేవాడట.

వాడూ ఎదురుచూశాడు. నాకు తెలియదు.

వేణూ, నీకు పని రాదని నేను అన్నది తప్పు. ఆ రోజు అందరి ముందూ అన్నాను. ఇవాళ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను.

పోయి రా తంబీ.

పెరుమాళ్ళ పాదాల దగ్గర నీ మనసు చల్లగా ఉండాలి.