బోనులోకి మొదట దూరింది మా ఆయనే

పెళ్లయిన కొత్తలో పెనుకొండలో మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. నాది ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం, మా ఆయన గోరంట్లలో టీచరు. మాతోపాటు ఒక కుక్క. వానలో మెట్ల కింద వణుకుతూ కనిపిస్తే ఇంట్లోకి తెచ్చుకున్నాం. మేం ఇంట్లో ఉన్నంతసేపూ దానంత బుద్ధిమంతురాలు ఇంకొకటి ఉండదు. గడప దాటితే మాత్రం తలుపు గీకేది, చెప్పులు కొరికేది, గొంతెత్తి ఊళ పెట్టేది.

ఒకరోజు కింద ఉండే ఇంటి ఓనరు అవ్వ నన్ను మెట్ల దగ్గరే ఆపింది.

"ఏమ్మా, మీరట్ల పోతానే అది ఇట్ల ఎత్తుకుంటాది. ఎవరో సచ్చిపోయినారనుకోని ఎదురింటోళ్లు పలకరించేకి వచ్చినారు, తెలుసునా?"

క్షమించమని చెప్పాల్సింది పోయి పకపకా నవ్వేశాను. అవ్వ కూడా నవ్వింది.

హిందూపురంలో పశువుల డాక్టరు దాన్ని చూసి, ఒంటరిగా ఉండటమంటే దానికి భయమనీ, క్రేటు, అంటే అది పడుకునే బోను, అలవాటు చేయమనీ చెప్పాడు. "తోసి గడియ పెట్టొద్దండి. అది దాని సొంత ఇల్లు అనుకోవాల. దానంతట అదే పోవాల" అన్నాడు. అక్కడే ఒక ఇనుప బోను కొని, మడిచి బస్సులోకి ఎక్కిస్తుంటే కండక్టరు, "ఏమప్పా, పులిని పట్టేకి పోతాండారా?" అని మా ఆయన్ను ఆటపట్టించాడు. పెనుకొండ దాకా బస్సంతా ఒకటే నవ్వులు.

లోపల నా పాత చీర పరిచి, కోడి ముక్కలు వేసి, తలుపు బార్లా తీసిపెట్టాం. కుక్క మెడ చాచి ముక్క అందుకుని వెనక్కి దూకేది. ఒక ఆదివారం మా ఆయనకు ఓపిక పోయింది. "భయం లేదని నేనే చూపిస్తా" అంటూ నాలుగు కాళ్ల మీద పాకుతూ బోనులోకి దూరాడు. కుక్కకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. వెనకే దూరి, ఆయన వీపు మీద ఎక్కి, చెవులు నాకడం మొదలుపెట్టింది. ఆయన ముందుకు కదలలేడు, వెనక్కి రాలేడు. నేను నేలమీద కూలబడి నవ్వుతున్నాను.

సరిగ్గా అప్పుడే అవ్వ కరివేపాకు ఇవ్వడానికి పైకొచ్చింది.

"అయ్యో! ఏమ్మా, మొగుణ్ణే బోనులో పెట్టినావా?"

"కుక్కకు నేర్పిస్తాండా అవ్వా" అన్నాడు మా ఆయన లోపల్నుంచే.

"బాగనే నేర్చుకున్నావులే నాయనా!"

ఆ రోజుతో దాని బెదురు పోయింది. తర్వాత తిండి అక్కడే, కునుకూ అక్కడే. మెల్లగా తలుపు మూయడం, మూసి వంటింట్లోకి పోవడం, ఆపైన వీధి మలుపు దాకా పోయి రావడం. మేం బయల్దేరే చప్పుళ్లకు అది బెదరకుండా బండి తాళాలు తీసి మళ్లీ పెట్టేవాళ్లం, చెప్పులు తొడుక్కుని మంచం మీద కూర్చునేవాళ్లం. మెట్లు దిగి ఎక్కుతుంటే అవ్వ, "పోతాండారా, వస్తాండారా? ఏదో ఒకటి తేల్చుకోండప్పా" అనేది.

చివరికి ఒక ఆదివారం మా చెల్లెలి పెళ్లికి చీర కొనడానికి ఇద్దరం ధర్మవరం వెళ్లాం. ఇంట్లో పాత ఫోను బోనుకు ఎదురుగా నిలబెట్టి, వీడియో కాల్ పెట్టి వచ్చాం. అంగట్లో చీరలు ఒక్కొక్కటే విప్పి పరుస్తుంటే, నా చూపంతా చేతిలోని ఫోను మీదే. కుక్క వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లూ గాల్లోకి పెట్టి గురక పెడుతోంది. నేను కెవ్వున అరిచాను. చీరలు చూపించే ఆయన బెదిరిపోయి, "ఏమైందమ్మా? యాడన్నా చినిగిందా?" అన్నాడు.

"లేదన్నా, మా కుక్క నిద్రపోతాండాది!"

ఆయనకేమీ అర్థం కాకపోయినా ఫోన్లోకి తొంగిచూశాడు. పక్కన చీరలు చూసుకుంటున్న ఆడవాళ్లూ వచ్చి చూశారు. "ఎంత సుఖంగా ఉండాదమ్మా!" అని ఒకామె దిష్టి తీసింది.

చీర కొని బయటికొచ్చాక మా ఆయన నా మొహంలోకి చూశాడు. "ఇంటికి పోదామా?"

"ఇంకా నయం! ముందు దోసెలు తిందాం" అన్నాను. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు.