ఏడో వరుస, ఎడమ చివరి కుర్చీ

నాటకం తెర పని మొదలైన రోజు హాజరైనవాళ్ళు: నేను, నాటక సమాజం సెక్రటరీగారు, రాజు వేషం కట్టే బాయిలర్ మామయ్య (బాయిలర్ షాపులో పని, అందుకా పేరు). హాజరైన వస్తువులు: ఇరవై నాలుగడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల ఎత్తు వచ్చేలా కుట్టి కలిపిన గుడ్డ ఒకటి, రంగుపొడులు ఆరు, జిగురు డబ్బా, పురికొస ఉండ, కొలత టేపు, కాలేజీలో గీతలు గియ్యడానికి వాడిన టీ-స్క్వేరు. (అంత గుడ్డ ముందు టీ-స్క్వేరు అగ్గిపుల్లలా ఉంది. అయినా తెచ్చాను.) ఆ రోజుల్లో జాబితా రాసుకోకుండా నేను స్నానానికి కూడా వెళ్ళేవాణ్ణి కాను. లోకంలో ఏ పనైనా కొలత తప్పడం వల్లే చెడుతుందని, కొలత కుదిరితే మనుషులు వాళ్ళంతట వాళ్ళే కుదురుకుంటారని నమ్మేవాణ్ణి.

అవి అరవైల నాటి రోజులు. ఖరగ్‌పూర్‌లో ఊరవతలి పెద్ద కాలేజీకి, మా తెలుగువాళ్ళ పేట ఝపటాపూర్ నుంచి సైకిలు తొక్కి ఐదేళ్ళు ఆర్కిటెక్చరు చదివాను. ఆఖరి పరీక్ష రాసి ఇంటికొచ్చి, ఇకమీదట బొమ్మలు వేసుకుని బతుకుతానని ప్రకటించాను. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "ఇల్లు కట్టడం సదివి ఇల్లు బొమ్మలేస్తానంటావేట్రా? బొమ్మలో ఇంట్లో ఎవుడు కాపరముంటాడు?" అన్నాడు. అప్పటికే కలకత్తా ఆఫీసొకటి నన్ను ఒకటో తారీకు, సోమవారం, వచ్చి ఉద్యోగంలో చేరమని కాగితం పంపింది. అదే కలకత్తాలో ఒక చిత్రకారుడు నన్ను జీతం లేని శిష్యుడిగా తీసుకుంటానన్నాడు. రెండు ఉత్తరాలూ అమ్మ పోపుల డబ్బా కింద పెట్టింది. నాలుగు రోజులు అవి అక్కడే ఉన్నాయి. ఐదో రోజు నాన్నే తేల్చాడు. "నెలాఖరు శనివారం నాటకానికి తెర నువ్వే రాస్తన్నావంట గదా. నాను సూస్తాను. నా కంటికి బాగుందా, నీ దారి నీది. నేదా, సోమవారం బండెక్కు."

నా కంటికి అన్నాడు కదా. అక్కడ పట్టుకున్నాను. లోతు కనిపించేలా బొమ్మ గియ్యాలంటే చూసేవాడి కన్ను ఎక్కడుంటుందో ముందు నిర్ణయించుకోవాలని మాకు కాలేజీలో మొదటి ఏడాదే చెప్పారు. నాన్న కన్ను ఎక్కడుంటుందో ఊరందరికీ తెలుసు. నాటకాలాడే రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఏడో వరుస, ఎడమ చివరి కుర్చీ. పక్కనే తలుపు, గాలీ వస్తుంది, బీడీకి లేవడానికీ వీలు. తెర నుంచి ఆ కుర్చీకి టేపు పట్టి కొలిచాను, నలభై ఒక్క అడుగులు. ఇక కంటి ఎత్తు కావాలి. నాన్న కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటే వెనక నుంచి టేపు పెట్టాను. "దర్జీ పని కూడా నేర్సినావేటి?" అన్నాడు తిరక్కుండానే. మూడడుగుల పది అంగుళాలు.

పదకొండు రోజులు వేదిక మీద గుడ్డ పరిచి, ఆ ఒక్క కన్నుకి సరిపడేలా రాజసభ గీశాను. ప్రతి స్తంభానికీ పురికొస కట్టి లెక్క చూశాను. శనివారం మధ్యాహ్నం తెర వేలాడదీసి, పరిగెత్తుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. అబ్బ! గుడ్డ మాయమై సభ తెరుచుకుంది. స్తంభాల నడుమ వంద అడుగుల లోతు. సెక్రటరీగారు మాత్రం హాలు మధ్యలో నిలబడి తల అటూ ఇటూ వంచి, "ఇది ఇలాగే ఉంటుందా, ఆరాక సర్దుకుంటుందా?" అన్నారు. నిజమే, మిగతా ఏ చోటు నుంచి చూసినా నేల ఒరిగి, కప్పు వాలి, కోట మొత్తం మలుపు తిరుగుతున్న రైలుపెట్టెలా పక్కకి పోతోంది. చూసేవాళ్ళ అజ్ఞానమని సరిపెట్టుకున్నాను. బాయిలర్ మామయ్యకి వేదిక మీద సుద్దగీత చూపించి, "మామయ్యా, ఇది దాటి వెనక్కి వెళ్ళొద్దు, తెరలో దూరపు తలుపు మూడడుగులే" అని బతిమాలాను. ఆయన మీసం అతికించుకుంటూ, "రాజుని నాను. నా కోటలో నన్నే గీత దాటొద్దంటావేట్రా అల్లుడూ?" అన్నాడు.

సాయంత్రం జనం వచ్చారు. నాన్నా వచ్చాడు. సెక్రటరీగారు ఎదురెళ్ళి, ఆయన చొక్కాకి వాలంటీరు రిబ్బను గుచ్చి, గుంపుని ఆపమని బయటి గేటు దగ్గర నిలబెట్టేశారు. ఏడో వరుస ఎడమ చివర కుర్చీలో పక్క పేట తాల్‌బగీచా నుంచి వచ్చిన ఒక లావుపాటి బెంగాలీ దాదాని కూర్చోబెట్టారు. నేను వెళ్ళి, "దాదా, ఆ కుర్చీ..." అన్నాను. "ఠీక్ హై, ఠీక్ హై, బాగా గాలి ఉంది" అని హిందీలో నన్నే ఓదార్చాడు. మొదటి పద్యం అయ్యేసరికి గురక. హాలు మొత్తంలో నా బొమ్మని సరిగ్గా చూడగల కళ్ళు రెండే రెండు, అవి మూతపడ్డాయి.

తరవాతి సంగతి క్లుప్తంగా చెబుతాను. బాయిలర్ మామయ్య రాగం అందుకున్న ఊపులో గీత దాటాడు. దూరపు తలుపు ఆయన మొలకి వచ్చింది. "మావా, ఆ తలుపులో కోడి కూడా దూరదు, నువ్వెలగొచ్చినావు?" అని ఎవరో అరిచారు. "ఒరే, కోట లూప్ లైన్లోకి ఎలిపోతంది, సిగ్నలియ్యండ్రో!" అని కుడివైపు బెంచీల్లోంచి ఈలలు. శోకపద్యానికి హాలంతా పగలబడి నవ్వి వన్స్‌మోర్ కొట్టింది. నేను పక్కతెర వెనక టేపు పట్టుకుని నిలబడి, వీళ్ళందరినీ ఒకే కుర్చీలో కుదించడానికి ఏదైనా మార్గముందా అని నిజంగానే ఆలోచించాను.

మర్నాడు పొద్దున్న తెర విప్పడానికి ఒక్కణ్ణే వెళ్ళాను. వెనకాలే నాన్న సైకిలు తోసుకుంటూ వచ్చాడు. నేను తాడు ముడి విప్పబోతుంటే "ఆగు" అన్నాడు. అలవాటు ప్రకారం నడిచి ఏడో వరుస ఎడమ చివర కూర్చున్నాడు. బీడీ తీశాడు, ముట్టించలేదు. లేచి పక్క కుర్చీలో కూర్చున్నాడు. దాని పక్కదాంట్లో. మళ్ళీ మొదటిదాంట్లోకి వచ్చాడు. బోల్టు బిగిసిందో లేదో చూసే మొహం అది.

"ఇక్కణ్ణించి లోపలికి నడిసి ఎలిపోవచ్చనిపిస్తందిరా," అన్నాడు.

"నీ కోసమే గీసినాను నాన్నా. నీ కన్ను కొలిసి."

"నా ఒక్కడి కోసం గీస్తే ఇంట్లో గోడ మీద గియ్యాల్సింది. ఇన్ని కుర్చీలెందుకేసినారనుకున్నావు?"

నాన్న లేచి సైకిలు దగ్గరికి నడిచాడు. సోమవారం బండి టైము మనసులో లెక్కేసుకున్నాను. ఆయన స్టాండు తీస్తూ, "మాటంటే మాటే. నా కంటికి బాగుంది. ఆ ఆఫీసోళ్ళకి రానని రాసేయి. గానీ మిగతా కుర్చీలు కూడా నేర్సుకో," అని తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

తరవాత చాలా గోడలకి, చాలా తెరలకి రంగు వేశాను. ఇప్పటికీ పని మొదలుపెట్టే ముందు హాలంతా తిరిగి, ప్రతి వరుసలోనూ కూర్చుని లేస్తాను. పిచ్చివాడనుకుంటారు. అనుకోనీ. ఆ టేపు పట్టుకున్న కుర్రాడు ఎదురైతే నాలుగు తిట్టాలని ఉంటుంది. తిట్టాక, ఆ కుర్చీలో ఒక్కసారి కూర్చోనివ్వమని అడగాలనీ ఉంటుంది.

హాల్లో కుర్చీలు మూడు వందల పన్నెండు. బొమ్మ కుదిరింది ఒక్కదాన్నుంచి.