తువ్వాల కింద మాట

పుంగనూరు పశువుల సంతలో దళారి రంగప్పకు మనసు రెండు పక్కలా లాగుతాంది. సంతను ఊరి నడుమ నుంచి బైపాసు పక్కకు మారిస్తే ఎద్దులు నిలిచేదానికి తావుంటాది, బేరాలు పెరుగుతాయి. కానీ మారిస్తే సంత గేటు ముందర పెండ్లాం వెంకటమ్మ నడిపే సంగటి హోటలుకు తాళమే. అందుకే ఎవురడిగినా "సూస్తాం లేప్పా" అనేవాడు.

ఎన్నికలొచ్చేసరికి ఆ "సూస్తాం"కు యాడలేని గిరాకీ వచ్చింది. మార్చాలనేవాళ్లు, వద్దనేవాళ్లు ఎప్పుడో తేల్చుకున్నారు. మిగిలింది నడిమధ్య వాళ్లే. రంగప్ప మాటంటే వాళ్లకు గురి.

మొదట ఒక పార్టీ అభ్యర్థి గిరీష్ వచ్చినాడు. హోటల్లో కూర్చుని సంగటి ముద్ద తుంచుతా, "సంత మన వారసత్వం. దాన్ని కాపాడుకుంటూనే అభివృద్ధి చేసుకుందాం" అన్నాడు.

"అంటే ఈడేనా, బైపాసా?"

"ప్రజల మనోభావాలే ముఖ్యం."

రంగప్ప భుజం మీది తువ్వాల తీసినాడు. పదిమందికీ తెలియకూడని ధరను సంతలో తువ్వాల కింద వేళ్లు పట్టి చెప్పుకుంటారు.

"నలుగురిలో సెప్పలేకుంటే ఇట్ల సెప్పప్పా. ఈడే అంటే ఒక వేలు, బైపాసంటే రెండు. బయటికి పొక్కదు."

గిరీష్ చెయ్యి పెట్టినాడు. రంగప్ప తడిమి చూసినాడు. ఒక వేలు నిటారు, రెండోది సగం మడత. ఇన్నేండ్ల దళారీలో ఒకటిన్నర బేరం యాడా తగల్లేదు.

మర్నాడు ఎదురు పార్టీ అభ్యర్థి ప్రతాప్ వచ్చినాడు. ఈయన ఇంకా ఘటికుడు. తువ్వాల కింద రంగప్ప చేతిని రెండు చేతుల్తో పట్టుకుని, ఫోటో తీసేవాడి వైపు తిరిగి ఊపుతానే ఉన్నాడు.

లోపల సంగటి కెలుకుతాండిన వెంకటమ్మకు ఒళ్లు మండి బయటికొచ్చింది. "ఏమప్పా, సంత పోతే నా హోటలు గతేమి?"

"పోతే ఆడ మీకే మొదటి తావమ్మా. పోకపోతే ఈడ మిమ్మల్ని కదిలించే మొగోడు లేడు."

"ఇంతకీ పోతాదా, లేదా?"

"మీరెట్లంటే అట్ల."

ఆయన కారు కదిలినాక ఆమె మొగుడి వైపు తిరిగింది. "నువ్వన్నా సెప్పు. పోతే మేలా, ఉంటే మేలా?"

రంగప్ప తల గోక్కున్నాడు. "రెండిట్లోనూ మంచి ఉండాదే..."

"నువ్వూ పోయి నామినేషనెయ్యి, పో!"

ఆ వారమే ఆమె మదనపల్లె పోయి చక్రాల బండి చేయించుకొచ్చింది. "సంత యాడుంటే నా హోటలు ఆడ. ఇంగ ఎవుర్నీ అడిగేది లేదు" అనింది. రంగప్పకు ప్రాణం లేచొచ్చింది, తోసేది తానేనని తెలిసేదాకా.

బండి వచ్చినాక తొలి సంత రోజు గేటు ముందర ఎత్తులో బండి ఆగిపోయింది. ప్రచారానికొచ్చిన అభ్యర్థులిద్దరూ పరుగున వచ్చి చెరో పక్క చెయ్యి ఆనించినారు. ఫోటోలకు నవ్వినారు.

"ఒక తోపు తొయ్యండప్పా!" అన్నాడు రంగప్ప, రొప్పుతా.

ఎటు తోస్తే ఎవురికి కోపమొస్తాదోనని ఇద్దరూ నవ్వుతానే నిలబడినారు.